కొడంపులి నుంచి మౌంజారో దాకా

తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు రెండు పార్టీలున్నాయి. ఎలక్షన్ పార్టీలు కాదు లెండి. ఒకటి కషాయం పార్టీ, రెండోది ఇంజెక్షన్ పార్టీ. కంపెనీ వాళ్ళు ఏడాదికోసారి చేయించే హెల్త్ చెకప్‌లో "గ్రేడ్ వన్ ఫాటీ లివర్" అని రిపోర్టు రాగానే మనిషి ఈ రెండింట్లో ఏదో ఒకదాంట్లో చేరిపోతాడు. కషాయం వాళ్ళేమో "మందులన్నీ కెమికల్సేనండీ, మొక్కలకి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు, మన పెద్దాళ్ళకి ఆ మాత్రం తెలీదా" అంటారు. ఇంజెక్షన్ వాళ్ళేమో "ఆకులూ అలములూ పనిచేసేటట్టయితే ఇన్ని ఫార్మా కంపెనీలెందుకు" అంటారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నీళ్ళ ట్యాంకర్ గొడవ తరవాత ఎక్కువ మెసేజ్‌లు పడేది దీని మీదే.

ఇదేదో టైంపాస్ గొడవైతే ఇంత రాసే ఓపిక నాకు లేదు. కానీ మన పక్కనే ఉన్న హైదరాబాద్ యూనివర్సిటీ వాళ్ళూ (మనకింకా హెచ్‌సీయూనే), గచ్చిబౌలి ఏఐజీ హాస్పిటల్ డాక్టర్లూ కలిసి చేసిన ఒక అధ్యయనం 2025లో సైంటిఫిక్ రిపోర్ట్స్ అనే జర్నల్‌లో వచ్చింది. హైదరాబాద్‌లో పనిచేసే 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షించారు. 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఉండాల్సినదాని కన్నా ఎక్కువుంది. 71 శాతం మందికి ఊబకాయం. ఆ 345 మందినీ చూసి ఐటీ లోకమంతా ఇంతే అనేసెయ్యక్కర్లేదు గానీ, మీ టీంలో పదిమందుంటే ఒక్కసారి చుట్టూ చూడండి. అర్థమైపోతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొక్కా మందా అన్నది అసలు ప్రశ్నే కాదు. అడగాల్సినవి రెండే. ఒకటి, ఇది వేసుకున్నవాళ్ళ పక్కన ఉత్తుత్తి గోళీ వేసుకున్నవాళ్ళని కూడా పెట్టి లెక్కెట్టారా? రెండు, రేపు దీనివల్ల చెడు జరిగితే దాన్ని పట్టుకుని వెనక్కి రప్పించేవాడు ఎవడైనా ఉన్నాడా? లావు తగ్గించే మందుల చరిత్ర అంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరిగింది. ఆ చరిత్రలో మన దేశానికీ, మన ఊరికీ కాస్త పెద్ద వాటానే ఉంది.

తార్నాకలో మెంతులు

మొదట మన ఊరి కథే చూద్దాం. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, అదే ఎన్ఐఎన్. 1918లో కూనూరులో మెకారిసన్ అనే బ్రిటిష్ డాక్టరు మొదలుపెట్టిన చిన్న ల్యాబు అది. బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం పెట్టారు. 1958లో హైదరాబాద్‌కి వచ్చింది. తిండి చాలక వచ్చే జబ్బుల కోసం పుట్టిన సంస్థ అన్నమాట. అలాంటి చోట 1996లో, దశాబ్దాలుగా పెంచుతున్న ఎలుకల మందలో, ఒక ఎలుక దానంతటదే విపరీతంగా లావెక్కడం గమనించారు. జన్యువులో సహజంగా వచ్చిన మార్పు. ఆ వంశాన్ని వేరుచేసి పెంచారు. ఆకలికి అంతుండదు, పిల్లలు పుట్టవు, జబ్బులన్నీ తొందరగా మీదపడతాయి. డబ్ల్యూఎన్ఐఎన్ ఒబీస్ అని పేరుపెట్టిన ఆ ఎలుకలు ఊబకాయం మీద పరిశోధనకి పనికొచ్చాయి. ఆకలి జబ్బుల ల్యాబులో ఊబకాయపు ఎలుక పుట్టడం, అదీ సరిగ్గా హైటెక్ సిటీకి పునాదులు పడుతున్న రోజుల్లో. కథ రాసినా ఇంతకన్నా బాగా కుదరదు.

ఈ ఎన్ఐఎన్‌లోనే 1980ల్లో ఆర్.డి. శర్మ, టి.సి. రఘురామ్ తదితరులు మెంతుల మీద పనిచేశారు. 1990లో వచ్చిన పేపరు బాగా పేరున్నది. టైప్ వన్ షుగర్ ఉన్న కొద్దిమందికి పది రోజులపాటు నూనె తీసేసిన మెంతిపిండి మధ్యాహ్నం, రాత్రి భోజనాల్లో కలిపి పెట్టారు. అదే మనుషులకి మెంతుల్లేని భోజనం కూడా పెట్టి రెండూ పోల్చారు. రోజుకి మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది, కొలెస్ట్రాలూ తగ్గింది. "చూశారా, మేం చెప్పలే" అని కషాయం పార్టీ వాళ్ళు లేచేలోపు ఇంకో ముక్క చెప్పనివ్వండి. వాళ్ళు పెట్టింది రోజుకి వంద గ్రాములు. చెంచా నాలుగు గ్రాములనుకున్నా పాతిక చెంచాలు. రాత్రి గ్లాసులో నానేసిన అరచెంచా మెంతులకీ దీనికీ సంబంధం లేదు. మెంతుల్లో పీచు చాలా ఎక్కువ. కడుపులో జిగురుగా మారి తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి చేరడాన్ని నెమ్మది చేస్తుంది. అంటే అక్కడ మెంతులు పనిచేసింది మందులా కన్నా తిండిలా. డోసు చెప్పకుండా "మెంతులు పనిచేస్తాయి" అనడం, వెర్షన్ నంబర్ చెప్పకుండా "మా దగ్గర పనిచేస్తోంది" అనడం లాంటిదే.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఎన్ఐఎన్ వాళ్ళు మన వంటింటి దినుసుని చిన్నచూపు చూళ్ళేదు, నెత్తినా పెట్టుకోలేదు. తూచి, పెట్టి, పోల్చి, వచ్చింది రాశారు. తరవాత చెప్పబోయే కథల్లో కొరవడింది ఇదే.

కొడంపులి

కేరళ చేపల పులుసు తిన్నవాళ్ళకి కొడంపులి తెలుసు. నల్లగా ఎండబెట్టిన తొక్క, మన చింతపండు చేసే పనే చేస్తుంది. శాస్త్రీయ నామం గార్సీనియా. 1965లో మైసూరు సీఎఫ్‌టీఆర్ఐలో లూయిస్, నీలకంఠన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీనిలో పులుపు ఏమిటో తేల్చారు. అంతకుముందు టార్టారిక్ ఆమ్లమనీ, సిట్రిక్ ఆమ్లమనీ అనుకునేవారు. వీళ్ళు అది హైడ్రాక్సీ సిట్రిక్ ఆమ్లమని చూపించారు.

నాలుగేళ్ళకి, 1969లో, అమెరికాలో బ్రాండైస్ యూనివర్సిటీలో లోవెన్‌స్టీన్ బృందం ఈ ఆమ్లం ఏటీపీ సిట్రేట్ లయేజ్ అనే ఎంజైమ్‌ని అడ్డుకుంటుందని కనిపెట్టింది. (ఏటీపీ అంటే మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1929లో వెలికితీసినదే.) ఈ ఎంజైమ్ పనేంటంటే, మనం ఎక్కువ తిన్న పిండిపదార్థాన్ని కొవ్వుగా మార్చే దారిలో గేటు తీయడం. గేటు మూసేస్తే కొవ్వు తయారవదు కదా! 1970ల్లో రోష్ కంపెనీ వాళ్ళు ఎలుకల మీద చూస్తే నిజంగానే తిండీ తగ్గింది, బరువూ తగ్గింది. కాయితం మీద లాజిక్కు అద్భుతంగా ఉంది.

అక్కణ్ణుంచి మార్కెట్ ఆగలేదు. 1990ల్లో గార్సీనియా గోళీలు అమెరికా అంతా దొరికేవి. 1994లో అమెరికా చేసిన సప్లిమెంట్ల చట్టం పుణ్యమా అని ఇలాంటివి పనిచేస్తాయని ముందుగా నిరూపించక్కర్లేకుండానే అమ్ముకోవచ్చు. అప్పుడు న్యూయార్క్‌లో హేమ్స్‌ఫీల్డ్ అనే డాక్టరు ఎవరూ సరిగ్గా చెయ్యని పని చేశాడు. 135 మందిని తీసుకుని సగం మందికి రోజుకి 1500 మిల్లీగ్రాముల హైడ్రాక్సీ సిట్రిక్ ఆమ్లం, సగం మందికి ఉత్తుత్తి గోళీ ఇచ్చాడు. అందరికీ ఒకటే డైటు. ఎవరు ఏది వేసుకుంటున్నారో వాళ్ళకీ తెలీదు, ఇచ్చేవాళ్ళకీ తెలీదు. 12 వారాల తరవాత లెక్క చూస్తే గార్సీనియా వాళ్ళు సగటున 3.2 కిలోలు తగ్గారు. ఉత్తుత్తి గోళీ వాళ్ళు 4.1 కిలోలు తగ్గారు! 1998లో జామా జర్నల్‌లో వచ్చింది ఇది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ ఉత్తుత్తి గోళీ వాళ్ళని పక్కన పెట్టకపోయుంటే ఏం రాసుకునేవాళ్ళం? "గార్సీనియాతో మూడు నెలల్లో మూడు కిలోలు తగ్గారు" అని. అబద్ధం కూడా కాదు అది. మనకి యూట్యూబ్‌లో కనిపించే టెస్టిమోనియల్స్ అన్నీ సరిగ్గా ఇలాంటి నిజాలే. కషాయం మొదలెట్టినవాడు ఆ వారమే బిర్యానీ మానేస్తాడు, సాయంత్రం కాలనీలో నాలుగు రౌండ్లు కొడతాడు, లిఫ్ట్ మానేసి మెట్లెక్కుతాడు. తగ్గిన క్రెడిట్ మాత్రం కషాయానికి వెళ్తుంది.

మరి ఎలుకల్లో పనిచేసింది మనుషుల్లో ఎందుకు పనిచెయ్యలేదు? మామూలు తిండి తినే మనిషి ఒంట్లో చేరే కొవ్వులో ఎక్కువ భాగం తిన్న కొవ్వు నుంచి వచ్చిందే. పిండిపదార్థం నుంచి కొత్తగా తయారయ్యేది తక్కువ. మూసిన గేటు సరైనదే గానీ ట్రాఫిక్ అంతా ఇంకో రోడ్డులో వెళ్తోంది. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో పాసై ప్రొడక్షన్‌లో పడుకున్న కోడు మనకి కొత్తేం కాదుగా.

పేపరు వచ్చిన పద్నాలుగేళ్ళ తరవాత, 2012లో, అమెరికా టీవీ డాక్టర్ ఆజ్ ఇదే గార్సీనియాని ఆకాశానికెత్తాడు. అమ్మకాలు మళ్ళీ ఎగిశాయి. 2014లో సెనేట్ కమిటీ పిలిచి ఇలాంటి అతిశయోక్తుల గురించి నిలదీసింది. ఈలోపు లివర్ డాక్టర్ల దగ్గర ఇంకో లెక్క తయారవుతోంది. మందుల వల్ల లివర్ దెబ్బతిన్న కేసుల్ని అమెరికాలో 2004 నుంచి ఒక నెట్‌వర్క్ నమోదు చేస్తోంది. గార్సీనియాతో ముడిపడ్డ కేసులు 22 అని 2022లో వాళ్ళు ప్రకటించారు. చాలావాటిల్లో గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ కూడా కలిసుంది. వేసుకున్న లక్షలమందిలో 22 అంటే తక్కువే. కానీ పనిచెయ్యని దానికి ఎంత చిన్న రిస్కయినా దండగే కదా.

కథకి కొసమెరుపు ఏమిటంటే, అదే ఎంజైమ్‌ని అడ్డుకునే బెంపెడోయిక్ యాసిడ్ అనే మందుకి 2020లో అమెరికా అనుమతి వచ్చింది, కొలెస్ట్రాల్ తగ్గించడానికి. బరువు తగ్గిస్తానని అది చెప్పుకోదు. 2023లో దాదాపు 14 వేల మంది మీద చేసిన ట్రయల్‌లో గుండెపోటు లాంటి ప్రమాదాలు 13 శాతం తగ్గాయి. అదే గేటు. అయితే ఇది లివర్‌లోకి వెళ్ళాకే పనిచేసేలా తయారుచేసిన అణువు, డోసు తెలుసు, దేనికి పనిచేస్తుందో తెలుసు.

గుగ్గులు

రెండోది గుగ్గులు కథ. సుశ్రుత సంహితలో మేదోరోగానికి గుగ్గులు చెప్పారు. బెనారస్ హిందూ యూనివర్సిటీలో జి.వి. సత్యవతి గారు దీని మీదే పరిశోధన చేసి 1966లో థీసిస్ ఇచ్చారు. కొవ్వు ఎక్కువ పెట్టిన కుందేళ్ళలో గుగ్గులు కొలెస్ట్రాల్ తగ్గిస్తోందని చూపించారు. (ఆవిడ తరవాత ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్ అయ్యారు.) లక్నోలోని సీడీఆర్ఐ ఆ దారిలో ఇరవై ఏళ్ళు పనిచేసింది. గుగ్గులిపిడ్ అనే ఎక్స్‌ట్రాక్ట్‌ని 1980ల చివర్లో మన దేశంలో కొలెస్ట్రాల్ మందుగా మార్కెట్లోకి తెచ్చారు. ఇది గాలి వ్యవహారం కాదు, పద్ధతి ప్రకారం చేసిన పని. 2002లో సైన్స్ జర్నల్‌లో గుగ్గులులోని అణువు లివర్‌లో ఎఫ్ఎక్స్ఆర్ అనే రిసెప్టర్ మీద పనిచేస్తుందని కూడా తేలింది. ప్రాచీన గ్రంథం, భారతీయ పరిశోధన, అమెరికా జర్నల్ మూడూ ఒకే మాట చెప్తున్నట్టే అనిపించింది.

2003లో పెన్సిల్వేనియాలో 103 మంది మీద ఎనిమిది వారాల ట్రయల్ చేశారు. ఉత్తుత్తి గోళీ వాళ్ళకి చెడు కొలెస్ట్రాల్ 5 శాతం తగ్గింది. గుగ్గులు వాళ్ళకి 4-5 శాతం పెరిగింది! కొందరికి దద్దుర్లు వచ్చాయి. అంతకుముందు భారత్‌లో జరిగిన ట్రయల్స్‌లో మంచి ఫలితాలొచ్చాయి, అదీ నిజమే. తిండి వేరు, జన్యువులు వేరు కావచ్చు. అలా అయితే ఇక్కడ ఇంకా పెద్ద ట్రయల్ చేసి తేల్చుకోవాల్సింది. దాని బదులు మనం దేశభక్తితో సరిపెట్టుకున్నాం.

మన తెలుగు నేల మీదా ఇలాంటి ప్రయత్నాలున్నాయి. పొలాల్లో దొరికే బోడసరం మొక్క పూలనీ, మాంగోస్టీన్ పండు తొక్కనీ కలిపి బెజవాడ లైలా న్యూట్రాస్యూటికల్స్ వాళ్ళు మెరాట్రిమ్ అనే ఎక్స్‌ట్రాక్ట్ చేశారు. ప్లసీబో పెట్టి చేసిన ట్రయల్ 2013లో ఒబేసిటీ అనే జర్నల్‌లో వచ్చింది. 60 మంది, 8 వారాలు, డైటూ నడకా అందరికీ ఒకటే. ఉత్తుత్తి గోళీ వాళ్ళకన్నా 3.7 కిలోలు ఎక్కువ తగ్గారు. బాగుంది, నేనూ సంతోషిస్తాను. కానీ 60 మంది, 8 వారాలు అంటే కథ మొదలు మాత్రమే. ఏడాది తరవాత ఆ బరువు ఎక్కడుంది? ఐదువేల మంది వేసుకుంటే ఎవరి లివర్ ఏమైంది? ఏ మందునైనా ఇవి అడుగుతాం, దీన్నీ అడగాలి.

ఇంగ్లీషు మందుల పాపాలు

ఇంతసేపూ ఇంజెక్షన్ పార్టీ వాళ్ళు నవ్వుకుంటున్నారేమో. వాళ్ళ చిట్టా ఇంకా భయంకరం. 1933లో స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు డైనైట్రోఫినాల్ అనే కెమికల్‌తో బరువు తగ్గుతుందని చూపించారు. అది ఒంట్లో పెట్రోల్ తగలబెట్టినట్టు వేడి పుట్టిస్తుంది. లక్షమంది దాకా వాడారని అంచనా. కొందరికి కంట్లో శుక్లాలు వచ్చాయి, కొందరు ఒళ్ళు కాలిపోయి చనిపోయారు. 1938లో అమెరికా కొత్త చట్టం వచ్చాక గానీ అది ఆగలేదు. 1990ల్లో ఫెన్-ఫెన్ అని రెండు మందుల జోడీ వచ్చింది. 1997లో గుండె కవాటాలు దెబ్బతింటున్నాయని తేలి ఫెన్‌ఫ్లూరమిన్‌ని తీసేశారు. 2006లో యూరప్‌లో వచ్చిన రిమోనాబాంట్ డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనల వల్ల 2008లో ఆగిపోయింది. సిబుట్రమిన్ గుండెపోట్లు, స్ట్రోకులు పెంచుతోందని పదివేల మంది ట్రయల్‌లో తేలి 2010లో యూరప్, అమెరికాల్లో, 2011లో మన దేశంలో పోయింది. లోర్కాసెరిన్ 2020లో కేన్సర్ అనుమానంతో వెళ్ళిపోయింది. ఇలా చూస్తే లావు మందుల చరిత్ర ఒక శ్మశానం.

అయితే ఒకటి గమనించండి. ఈ లిస్టు నేను రాయగలుగుతున్నానంటే కారణం, ఎవరో లెక్కపెట్టారు. ఎవరో రిపోర్టు చేశారు. ఎవరో వెనక్కి రప్పించారు. ఆలస్యంగానే, కంపెనీలు కోర్టుల్లో కొట్లాడాకే, చాలా ప్రాణాలు పోయాకే. అయినా లిస్టుంది. కషాయాలకి అలాంటి లిస్టు లేదు. లిస్టు లేకపోవడాన్ని మనం "సైడ్ ఎఫెక్ట్స్ లేవు" అని చదువుకుంటున్నాం. లాగింగ్ ఆపేసిన సర్వర్‌లో ఎర్రర్లు కనపడవు. ఎర్రర్లు లేవని కాదు.

లిస్టు తయారుచేస్తే ఎలా ఉంటుందో బ్రస్సెల్స్ చూపించింది. 1990లో అక్కడ ఒక బరువు తగ్గించే క్లినిక్ తన మందుల్లో చైనా మూలికలు కలపడం మొదలెట్టింది. రెండేళ్ళలో మామూలు వయసు ఆడవాళ్ళు కిడ్నీలు పాడై ఆస్పత్రికి రావడం మొదలైంది. 1993లో లాన్సెట్‌లో డాక్టర్లు దీన్ని బయటపెట్టారు. జరిగిందేమిటంటే స్టెఫానియా అనే మూలిక బదులు అదే రకం పేరున్న అరిస్టోలోకియా వచ్చింది. వందమందికి పైగా దెబ్బతిన్నారు, చాలామంది డయాలిసిస్‌కి, కిడ్నీ మార్పిడికి వెళ్ళారు. 2000లో ఇంకో సంగతి తెలిసింది. ముందుజాగ్రత్తగా పాడైన కిడ్నీలు, నాళాలు తీయించుకున్న 39 మందిలో 18 మందికి ఆ నాళాల్లో కేన్సర్ ఉంది. ఈ అరిస్టోలోకియా ఎక్కడో చైనా మొక్క అనుకోకండి, మనం ఈశ్వరవేరు అంటామే, అదీ ఆ జాతే.

మన దగ్గర కోవిడ్ టైంలో తిప్పతీగ కషాయం తాగినవాళ్ళలో లివర్ దెబ్బతిన్న కేసుల్ని 2021లో ముంబై డాక్టర్లు ప్రచురించారు. ఆయుష్ శాఖ వాళ్ళు అది అసలు తిప్పతీగ కాదు, దాన్ని పోలిన ఇంకో తీగ అయ్యుంటుందన్నారు. సరే, అదే నిజమనుకుందాం. వాకింగ్ ట్రాక్ పక్కన గోడ మీద పాకిన తీగ ఏదో తేల్చే పరికరం ఎవరి దగ్గరుంది? బ్రస్సెల్స్‌లో ప్రాణాలు తీసింది కూడా ఈ "పోలిన మొక్కే" కదా.

ఎక్స్‌ట్రాక్ట్ అన్నప్పుడు ఇంకో తిరకాసు ఉంది. కప్పు గ్రీన్ టీ వేరు, గ్రీన్ టీ గోళీ వేరు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పిందిదే. ఆకులోని ఈజీసీజీ అనే పదార్థాన్ని గోళీల రూపంలో రోజుకి 800 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకుంటే లివర్ ఎంజైములు పెరుగుతున్నాయి. టీ కాచుకు తాగేవాళ్ళ విషయంలో మామూలుగా ఆ భయం లేదంది. "మా నాయనమ్మ రోజూ పసుపు వాడేది" అనే వాదన పసుపుకి సరిపోతుంది గానీ, పసుపులోని ఒక్క పదార్థాన్ని పిండి, మిరియాల సారం కలిపి, రక్తంలోకి ఎన్నో రెట్లు ఎక్కువ చేరేలా చేసిన క్యాప్సూల్‌కి సరిపోదు. నాయనమ్మ అది వేసుకోలేదు.

అన్నిటికన్నా విచిత్రం ఇంకోటి. సహజసిద్ధమైన హెర్బల్ గోళీలని అమ్ముతున్న డజన్లకొద్దీ సరుకుల్లో అమెరికా ఎఫ్‌డీఏ వాళ్ళకి 2008 చివరి నుంచి దొరికింది ఏమిటో తెలుసా? సిబుట్రమిన్! పైన ఆకు బొమ్మ, లోపల ఆ గుండెపోటు మందు. అవి బాగా పనిచేశాయని జనం చెప్పుకున్నారంటే ఆశ్చర్యం ఏముంది.

మేకలు తినే మొక్క, బల్లి విషం

మొక్కల నుంచి మంచి మందు రాదా అంటే, వచ్చింది. మన ఇళ్ళలో అమ్మానాన్నలు వేసుకునే మెట్‌ఫార్మిన్ అదే. యూరప్‌లో గేలిగా అనే మొక్క ఉంది. దాని ఇంగ్లీషు పేరులోనే మేక ఉంది. పాతకాలంలో రకరకాల జబ్బులకి వాడేవారు. దాన్నుంచి గెలిగిన్ అనే పదార్థం తీశారు. షుగర్ తగ్గిస్తుంది గానీ విషం, పశువులు తిని చచ్చిపోయేవి. 1922లో డబ్లిన్‌లో వెర్నర్, బెల్ అనేవాళ్ళు ఆ కుటుంబానికే చెందిన మెట్‌ఫార్మిన్‌ని ల్యాబులో తయారుచేశారు. అది ముప్ఫై ఏళ్ళు మూలన పడుంది. 1957లో పారిస్ డాక్టరు జాన్ స్టెర్న్ మనుషుల్లో వాడి చూపించాడు. అమెరికా అయితే 1994 దాకా అనుమతే ఇవ్వలేదు. మొక్క నుంచి మందు దాకా పట్టిన ఆ కాలంలో జరిగిందంతా ఒకటే: విషాన్ని విడదీసి, డోసు కొలిచి, పక్కన ఉత్తుత్తి గోళీ పెట్టి పోల్చడం. మెట్‌ఫార్మిన్‌ని ఇప్పుడు ఆకు అనరు, కెమికల్ అంటారు. దాని ఇంటిపేరు మారిందంతే.

ఇంజెక్షన్ల పుట్టుకా ప్రకృతిలోనే. 1992లో న్యూయార్క్ డాక్టరు జాన్ ఇంగ్, గీలా మాన్‌స్టర్ అనే అమెరికా ఎడారి బల్లి విషంలో మన పేగు హార్మోన్ జీఎల్‌పీ-1ని పోలిన పదార్థం కనిపెట్టాడు. మన ఒంట్లోని జీఎల్‌పీ-1 రెండు నిమిషాల్లో విరిగిపోతుంది, బల్లిది గంటలకొద్దీ ఉంటుంది. దాన్నుంచి 2005లో ఎక్సెనటైడ్ వచ్చింది. తరవాత మనిషి హార్మోన్‌నే మార్చి లిరాగ్లూటైడ్, సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ చేశారు. సెమాగ్లూటైడ్ ట్రయల్‌లో 1961 మంది, 68 వారాలు. మందు వాళ్ళు సగటున 14.9 శాతం తగ్గారు, ఉత్తుత్తి సూది వాళ్ళు 2.4 శాతం. టిర్జెపటైడ్ పెద్ద డోసుతో 72 వారాల్లో 20.9 శాతం. గార్సీనియాతో పోల్చి చూడండి, తేడా కంటికి కనిపిస్తుంది.

లివర్ మాటకొస్తే, 2025 ఆగస్టులో ఎఫ్‌డీఏ సెమాగ్లూటైడ్‌ని వాపు, మచ్చలు పడ్డ ఫాటీ లివర్‌కి కూడా ఒప్పుకుంది. ఆ ట్రయల్‌లో 72 వారాలకి 62.9 శాతం మందికి లివర్ వాపు తగ్గిపోయింది. ఉత్తుత్తి సూది వాళ్ళలో? 34.3 శాతం! నాకు ఈ రెండో అంకె మొదటిదానికన్నా ముఖ్యం. మందేమీ లేకుండానే మూడోవంతు మందికి నయమైంది. అంటే మీ అపార్ట్‌మెంట్‌లో ముప్ఫైమంది ఏ పసరు తాగినా, ఏ తాయెత్తు కట్టుకున్నా, దాదాపు పదిమంది "నాకు తగ్గింది" అని నిజాయితీగా చెప్పే అవకాశం ఉంది. వాళ్ళు అబద్ధాలాడట్లేదు. లెక్క పూర్తిగా చెప్పట్లేదంతే. కామెర్లకి పసరు వేసే ఊళ్ళకి అంత పేరు రావడం వెనకా ఇదే ఉంది. కలుషిత నీటివల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి.

ఇంజెక్షన్ పార్టీ వాళ్ళకీ రెండు మాటలు. మానేస్తే బరువు తిరిగొస్తుంది. సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండొంతులు వెనక్కొచ్చిందని అదే ట్రయల్ కొనసాగింపులో తేలింది. వాంతులు, పిత్తాశయంలో రాళ్ళు, కొవ్వుతోపాటు కండ కరగడం లాంటివున్నాయి. 2025 మార్చిలో మౌంజారో మన దేశంలోకి వచ్చినప్పుడు చిన్న డోసు వయల్ 3,500 రూపాయలు, వారానికొకటి. పెళ్ళి రిసెప్షన్ కోసం నాలుగు కిలోలు తగ్గడానికి డాక్టర్ని అడక్కుండా ఆన్‌లైన్‌లో కొని పొడుచుకునేవాడికీ, గోడ మీది తీగ కోసుకు తాగేవాడికీ నాకు పెద్ద తేడా కనపడదు.

మరేం చెయ్యాలి?

మన ఏరియా భూగోళం కాస్త చూడండి. ఒకవైపు పటాన్‌చెరు, దేశానికి బల్క్ డ్రగ్స్ చేసిపెట్టి తన చెరువులు పోగొట్టుకున్న ఊరు. ఇంకోవైపు గచ్చిబౌలి, మౌంజారో తయారుచేసే లిల్లీ కంపెనీ 2025 ఆగస్టులో ఆఫీసు తెరిచింది అక్కడే. మధ్యలో మన లివర్లని కొలిచిన యూనివర్సిటీ. ఇంకాస్త దూరంలో మెంతులు తూచిన ఎన్ఐఎన్. సెమాగ్లూటైడ్ మీద మన దేశంలో పేటెంటు గడువు 2026 మార్చి దాకానే. చవక రకాల కోసం ముందునుంచీ తయారైన కంపెనీల్లో మన డాక్టర్ రెడ్డీస్ ఒకటి. ధర తగ్గితే ఇంజెక్షన్ పార్టీ బలం పెరుగుతుంది. దానికి పోటీగా కషాయం ప్రచారమూ పెరుగుతుంది.

చట్టం ఏమంటోందంటే, 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఫలానా జబ్బులకి మందుందని ప్రకటన ఇవ్వకూడదని ఒక పట్టిక ఇచ్చింది. అందులో ఊబకాయం ఉంది. నెహ్రూ కాలం నుంచీ ఉంది! అయినా మెట్రో పిల్లర్ల మీద చూస్తూనే ఉన్నాం. ఇంకోవైపు ప్రామాణిక ఆయుర్వేద గ్రంథాల్లో ఉన్న యోగమైతే అమ్ముకోడానికి క్లినికల్ ట్రయల్ అక్కర్లేదు. పాతది కాబట్టి మంచిదే అన్న నమ్మకం చట్టంలోకి ఎక్కింది. నా దృష్టిలో ఆయుర్వేదానికి ఇది గౌరవం కాదు, అవమానం. సత్యవతి గారు కుందేళ్ళ మీద పరీక్షించింది నమ్మకం లేక కాదు. పరీక్షకి నిలబడుతుందన్న నమ్మకంతోనే.

నా మట్టుకు నాకు తేలింది ఇది. మెంతులు, ఉలవలు, పీచున్న తిండి తిండిగా తినండి. వాటికెవరూ అడ్డుచెప్పరు. కషాయమో క్యాప్సూలో మొదలెట్టాలనిపిస్తే ముందొక లివర్ టెస్టు, నెలకి ఇంకోటి చేయించుకోండి. డాక్టరు "ఏం మందులు వాడుతున్నారు" అన్నప్పుడు దాని పేరూ చెప్పండి. మనలో చాలామంది చెప్పరు, మందు కాదనుకుంటారు కాబట్టి. ఇంజెక్షన్ అయితే డాక్టరు చెప్తేనే, డాక్టరు చూస్తుండగానే. ఏదైనా సరే అమ్మేవాణ్ణి ఒక్క మాట అడగండి: "ఇది వేసుకోనివాళ్ళు ఎంత తగ్గారు?" జవాబు చెప్పగలిగితే కూర్చుని వినండి, అది ఆకైనా సరే, బల్లి విషమైనా సరే. ఆ ప్రశ్నే అర్థంకాక తెల్లమొహం వేస్తే మాత్రం, మన 84 శాతం లివర్లని వాడి చేతిలో పెట్టాల్సిన పన్లేదు.